దారిలో అడ్డం లేదు, మరి ట్రాఫిక్ ఎందుకు ఆగింది?

అందరికీ నమస్కారం. హైవే మీద పోతుంటే ఉన్నట్టుండి బండ్లన్నీ ఆగిపోతాయి. పది నిమిషాలు నత్తనడక. ముందర యాక్సిడెంట్ అయిందేమో అనుకుంటాం. తీరా అక్కడికెళ్తే ఏమీ ఉండదు, రోడ్డంతా ఖాళీ. మరి మనల్ని ఇంతసేపు ఆపిందేంటి?

స్క్రీన్ మీద కనిపిస్తున్నది నెట్‌లోగో. ఒక్కోదానికీ చిన్న చిన్న నియమాలిచ్చి, అన్నీ కలిస్తే ఏం జరుగుతుందో చూపించే సాఫ్ట్‌వేర్. యూరీ విలెన్‌స్కీ 1999లో తెచ్చారు. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. దీని లైబ్రరీలోంచి 'ట్రాఫిక్ బేసిక్' అనే మోడల్ తెరిచాను. ఒకటే లేన్, నీలం కార్లు, మన కంటికి ఆనవాలుగా ఒక ఎర్ర కారు. ఒక్కో కారుకి తెలిసినవి రెండే ముక్కలు: ముందు బండి దగ్గరపడితే తగ్గు, లేకపోతే కొంచెం కొంచెంగా వేగం పెంచు. అంతే. సిగ్నల్ లేదు, గుంత లేదు. 'గో' నొక్కుతున్నా, ఎర్ర కారునే చూడండి. అదిగో, ఆగింది. బయటపడింది. మళ్లీ ఇరుక్కుంది! కార్లు ముందుకి పోతుంటే జామ్ మాత్రం వెనక్కి జరుగుతోంది, గమనించారా?

ఇది తెర మీద బొమ్మలాట కాదండీ. జపాన్‌లో సుగియామా అనే శాస్త్రవేత్త బృందం 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 నిజం కార్లు నడిపించి, ఫలితాలు 2008లో ప్రచురించింది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోండి, అని మాత్రమే డ్రైవర్లకు చెప్పారు. కాసేపు బాగానే పోయారు. ఎవరో రవ్వంత తగ్గారు, వెనకాయన ఇంకాస్త తగ్గాడు, ఆ వెనకాయన బ్రేక్ తొక్కాడు, చివరికి కొన్ని కార్లు పూర్తిగా నిలిచిపోయాయి. ఆ జామ్ గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. ఇందులో ఏ ఒక్కరినీ తప్పుపట్టలేం. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే.

నెట్‌లోగోలో కార్లు తీసేసి మనుషుల్ని పెడితే అంటువ్యాధి, చెట్లు పెడితే కార్చిచ్చు. చట్రం అదే, నియమాలే మారతాయి.

ఇప్పుడు మన అమీర్‌పేట. ఇక్కడ లేన్ అనేది గీతల వరకే. బైకు సందుల్లోంచి దూరుతుంది, ఆటో అడ్డంగా కోస్తుంది. వరసలో పోయే కార్ల మోడల్‌తో ఈ రోడ్డుకి లెక్కలు కట్టి చూపిస్తే నేను నమ్మను. చట్రమే మనకు తగ్గట్టు వంగాలి. జర్మన్ ఏరోస్పేస్ సెంటర్‌లో పుట్టిన 'సుమో' అనే ట్రాఫిక్ సాఫ్ట్‌వేర్ అలా వంగుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ నుంచి మీ చౌరస్తాని దించుకోండి, సబ్‌లేన్ మోడల్ ఆన్ చేయండి. రోడ్లు, సిగ్నళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. లేన్ మాత్రం సన్నటి పట్టీలుగా చీలి, బైకూ కారూ పక్కపక్కనే పోతాయి.

అప్పుడది మనల్ని ఒక అంకె అడుగుతుంది: ఒక్కో బండి, పక్క బండికీ తనకూ మధ్య కనీసం ఎంత సందు ఉంచాలి? అందులో ముందే ఉన్న అంకె మన ఆటోని కొలిచి పెట్టింది కాదు. చౌరస్తా పక్కన మేడెక్కి, సాయంత్రం ఆరింటికి వీడియో తీసి, ఒక్కో బండికీ కొలవాల్సిందే.