ఐక్యూ అంకె వెనక ఏముంది?

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

మానసిక వయసును అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తే ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ, అని డీఎస్సీకి చదివేటప్పుడు అందరం బట్టీ పట్టాం. ఆ భాగహారం 1912లో విలియం స్టెర్న్ చెప్పింది. ఇప్పటి ప్రధాన పరీక్షలు ఆ లెక్క వాడవు. పదేళ్ల పాప స్కోరును అదే వయసు పిల్లల పెద్ద నమూనాతో పోల్చి, సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతను) 15గా అమరుస్తాయి. నూటికి సుమారు 68 మంది 85కూ 115కూ మధ్యే ఉంటారు. కాబట్టి ఐక్యూ చెప్పేది తోటివాళ్లలో ఆ పాప స్థానం ఎక్కడా అన్నది మాత్రమే.

మరి ఆ తోటివాళ్లు ఎవరు? నన్ను వేధించే ప్రశ్న ఇదే.

అంకెల జ్ఞాపకశక్తి పరీక్షనే తీసుకోండి. పరీక్షకుడు సెకనుకొకటి చొప్పున అంకెలు చదువుతాడు, పిల్లలు అదే వరుసలో తిరిగి చెప్పాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇంగ్లిష్ అంకెల్లో ‘సెవెన్’ తప్ప అన్నీ ఒక్క విరుపులో పలుకుతాయి. మనకు రెండక్షరాలకు తక్కువ అంకే లేదు, ఎనిమిదికైతే నాలుగు. ఇదేమంత పెద్ద విషయమా అనకండి. ఇంగ్లిష్, వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష) రెండూ వచ్చినవాళ్లను ఎల్లిస్, హెన్నెలీ అనే పరిశోధకులు పరీక్షించి 1980లో ఫలితాలు ప్రచురించారు. పలకడానికి ఎక్కువ సేపు పట్టే వెల్ష్‌లో వాళ్లకు తక్కువ అంకెలే గుర్తున్నాయి. మనుషులు వాళ్లే, బుర్ర అదే! ఇంగ్లిష్ పరీక్షను తెలుగులోకి మార్చి, స్కోరు మాత్రం అమెరికా పిల్లల స్కోర్లతో కట్టిన పట్టికలో వెతికితే మన పిల్లలకు అన్యాయం చేసినట్టే. తెలుగు పిల్లల నమూనాతో కొత్త పట్టిక కట్టాల్సిందే.

సామర్థ్యంలో సమానమైన రెండు గుంపుల్లో ఒకదానికే ఏదైనా ప్రశ్న కష్టమవుతుంటే, దాన్ని మళ్లీ పరిశీలించి తీసేయడమో మార్చడమో చేయాలి. మొదటి ప్రపంచయుద్ధంలో పదిహేడు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులకు ఇచ్చిన పరీక్షల్లో అక్కడి దుకాణాల సరుకుల పేర్ల మీద కూడా ప్రశ్నలున్నాయి. కొత్తగా వలస వచ్చినవాడికి అవెలా తెలుస్తాయి? సప్రమాణత లేకపోవడమంటే, అంటే కొలవాల్సినదాన్ని కొలవకపోవడమంటే, ఇదే. అసలు ఈ పరీక్షలు పుట్టింది పిల్లలకు సాయపడటానికి: పారిస్ బడిపిల్లల్లో అదనపు సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికి 1905లో ఫ్రాన్స్‌కు చెందిన బినే, సైమన్ మొదటి మాపని తయారుచేశారు. తెలివి పెరగదనే వాదాన్ని బినే గట్టిగా ఖండించాడు కూడా.

విశ్వసనీయత (మళ్లీ పెట్టినా ఫలితం దాదాపు అదే రావడం; పూర్తిగా ఉంటే 1) 0.90 ఉన్న మంచి పరీక్షలో కూడా స్కోరు సుమారు తొమ్మిది పాయింట్లు అటూఇటూ ఉండొచ్చు. 72 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 63 కావచ్చు, 81 కావచ్చు. అందుకే బుద్ధిమాంద్యాన్ని నిర్ధారించేటప్పుడు స్కోరొక్కటే చాలదు. బిడ్డ తన పనులు తాను ఎలా చేసుకుంటోందో కూడా చూడాలి.

మీ బడికి ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు నాలుగు విషయాలు అడగండి: ఏ పరీక్ష, ఏ భాషలో పెట్టారు, ఏ సంవత్సరపు పట్టికతో పోల్చారు, స్కోరు ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చు. అవి తెలిసేదాకా ఆ అంకెను చూసి బిడ్డ సెక్షన్ మార్చకండి.