లోపలి గొంతు ఆగిపోయిన రాత్రి

పద్మ: నమస్కారం. ఈ వారం వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్‌లో, స్క్రీన్ రీడర్ లైసెన్సుల గురించి. స్క్రీన్ రీడర్ అంటే మనలాంటి చూపులేనివాళ్ళకి తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. రాజూ, అక్షరాల్ని మాటగా పలికే ఆ ఇ-స్పీక్ సాఫ్ట్‌వేర్ ఊసు ఇవాళ ఎత్తకు.

రాజు: ఎత్తనక్కా. నిన్న ఫోన్‌లో ఆపేశావే, అది చెప్పు.

పద్మ: టెస్టింగ్‌కి వాడే విండోస్ వర్చువల్ మెషీన్ ఉంది కదా, ఆ ఫోల్డరంతా కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. తెరవగానే, దాన్ని నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ అడిగింది, మూవ్ చేశావా, కాపీ చేశావా అని. చేసింది కాపీయే, కాపీ అని నొక్కాను.

రాజు: అయ్యో!

పద్మ: కాపీ అంటే మెషీన్‌కి కొత్త గుర్తింపు నంబర్లు: కొత్త యూయూఐడీ, నెట్‌వర్క్‌కి కొత్త మ్యాక్ అడ్రస్. నేను డబ్బు కట్టి కొన్న స్క్రీన్ రీడర్, పేరెందుకులే, ఇదేదో వేరే కంప్యూటర్ అనుకుంది. లైసెన్సు అడిగింది, కాసేపటికి గొంతు ఆపేసింది. రాత్రి పదకొండు. బయట ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే ఇంకో స్క్రీన్ రీడర్ మాట్లాడుతూనే ఉంది, కానీ దానికి లోపలి విండోస్ అంతా ఒక్క బొమ్మ. ఒక్క అక్షరం చదవలేదు.

రాజు: స్క్రీన్ రీడర్ అమ్మేవాళ్ళ బాధా ఉందక్కా. ట్రయల్ అయిపోగానే పాత స్నాప్‌షాట్‌కి, అంటే మెషీన్‌ని ముందు దాచుకున్న స్థితికి, తిప్పేసుకునేవాళ్ళున్నారు. ఒకే మెషీన్‌ని పది కాపీలు చేసేవాళ్ళున్నారు.

పద్మ: కాదనను. కానీ చూపున్నవాళ్ళకి లైసెన్సు గొడవొస్తే తెర మూల ఒక నోటీసు వస్తుంది. మనకి తెరే ఉండదు. లైసెన్సు నాకివ్వండి, డబ్బాకెందుకు?

రాజు: అందుకే నేను ఎన్‌వీడీఏ అంటాను. 2006లో మైకేల్ కరన్ మొదలెట్టాడు, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు, ఎన్ని మెషీన్లలోనైనా వేసుకో. తాళం లేదు. పైగా ఇ-స్పీక్ దాంతోనే...

పద్మ: వచ్చేసింది!

రాజు: వినక్కా. అది ఎవరి గొంతూ రికార్డు చేసింది కాదు, సూత్రాలతో పుట్టించే ధ్వని. అందుకే అంత చిన్న సైజులో అన్ని భాషలు పట్టాయి. ఎంత వేగం పెంచినా అక్షరం చెదరదు.

పద్మ: చెదరదు సరే, తెలుగులా ఉంటుందా? అమ్మ "తిన్నావా తల్లీ" అని మెసేజ్ పెడితే అది చదివిన తీరుకి నాకు ఏడుపొచ్చింది.

రాజు: నా డిగ్రీ అంతా ఆ గొంతుతోనే గడిచిందక్కా. పరీక్షల ముందు రాత్రుళ్ళు అదొక్కటే నాతో మేలుకుంది. దాన్నేమైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది.

పద్మ: ...అలా అనకు. నేను అది పోవాలనలేదు. అమ్మ మాట అమ్మ మాటలా వినాలని ఉంటుంది, అంతే. మంచి గొంతు కొందామంటే దానికి మళ్ళీ విడిగా లైసెన్సు.

రాజు: దాన్నీ మెషీన్‌కే కట్టేసేవాళ్ళున్నారు.

పద్మ: అదే నా కోపం.

రాజు: ఇంతకీ ఆ రాత్రి ఏం చేశావు?

పద్మ: కొత్తదాంట్లోది తీసేసి, పాత ఫోల్డరు మళ్ళీ తెచ్చి, ఈసారి మూవ్ అని నొక్కాను. పలికింది. పాతదాన్ని చెరిపేశాను. వినేవాళ్ళూ, లోపల ఎన్‌వీడీఏ కూడా వేసి ఉంచుకోండి. ఒకటి మూగబోతే రెండోది చదువుతుంది.

రాజు: ఇ-స్పీక్‌తో.

పద్మ: ఇ-స్పీక్‌తోనే. ఉండు, కుక్కర్ మూడో విజిల్...