అన్నానికి కూర కాదు, కూరకు అన్నం: రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినేదెలా?

నమస్కారం. మహబూబ్‌నగర్‌లో మా వంటింటికి స్వాగతం. ముందు ఈ కాటా మీద ఏముందో చూడండి. చిన్న సొరకాయ ముక్క, రెండు టమాటాలు, గుప్పెడు గోకరకాయలు, ఒక తోటకూర కట్ట. మొత్తం 400 గ్రాములు. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునేవారు ఆకుకూరలతో కలిపి ఇన్ని కూరగాయలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆలుగడ్డను ఇందులో కలపకండి, దాన్ని అన్నం ఖాతాలో రాసుకోండి.

ఇంత ఎవరు తింటారని అడుగుతారేమో. చిక్కు ఎక్కడుందో చెబుతాను. మన కూరలో ఉప్పు, కారం అన్నానికి సరిపోయేలా వేస్తాం. అందుకే రెండు గరిటెల కూరతో పళ్లెం నిండా అన్నం తినేస్తాం. ఒట్టి కూర నోట్లో పెట్టుకుంటే మంట! రేపటి నుంచి ఉప్పు, కారం సగానికి తగ్గించి వండండి. అప్పుడు బీరకాయ కూరైనా, చిక్కుడుకాయ వేపుడైనా గిన్నెడు ఒట్టిదే తినవచ్చు. ముందు అది తిని, ఆ తర్వాతే అన్నం వడ్డించుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు మొదట్లో సణుగుతారు. వాళ్ల పక్కన కారప్పొడి డబ్బా పెట్టండి.

ఇక పొద్దుటి పూట. జొన్న రొట్టెలో మెంతికూర కలపవచ్చు కానీ కొంచెమే. జొన్నపిండికి సాగే గుణం లేదు, ఆకు ఎక్కువైతే రొట్టె విరిగిపోతుంది. ఎక్కువ కూరగాయ పట్టేది సర్వపిండి. అదే ఇప్పుడు చేద్దాం.

రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒకటిన్నర గ్లాసుల సొరకాయ తురుము. తురుమును పిండి నీళ్లు పారబోయకండి. ఉప్పు చల్లి ఐదు నిమిషాలు వదలండి. ఇదిగో, నీరు ఎలా ఊరిందో చూడండి. ముందు ఈ నీటితోనే పిండి కలపండి, చాలకపోతేనే చెంబు అందుకోండి. నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు కూడా వేశాను. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, ముద్దను ఇలా పలుచగా వత్తాలి. వేలితో చిల్లులు పెట్టి, ఒక్కోదాంట్లో చుక్క నూనె వేసి, మూత పెట్టి, మంట సన్నగా ఉంచండి. దీన్ని తిరగేయనక్కర్లేదు.

అది కాలేలోపు పప్పు సంగతి. గ్లాసు కందిపప్పుకు మూడు గ్లాసుల తరిగిన ఆకు వేయండి. చూడటానికి కుప్పలా ఉంటుంది, ఉడికితే పిడికెడవుతుంది. పాలకూర, గంగవాయిలి కూర, చుక్కకూర, ఏది లేతగా దొరికితే అది. మీది నల్లగొండ వైపైతే నిమ్మకాయలకు కొదవ లేదు, నకిరేకల్ మార్కెట్ దగ్గరే కదా. పొయ్యి మీద ఉండగా మాత్రం పిండకండి, వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది. దించాక పిండితే ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టేలా చేసేది ఆ విటమినే. ఇంకో మాట, భోజనం కాగానే చాయ్ గ్లాసు అందుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. చాయ్ ఆ ఇనుమును పట్టనివ్వదు. గంట ఆగండి.

రాత్రికి పెద్ద పనేమీ లేదు. పెరుగులో కీర తురుము, పక్కన టమాటా, ఉల్లిగడ్డ ముక్కలు. కాటా మీద ఇంకా మిగిలింది ఉంటే అక్కడికి సరిపోతుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఆకుకూరలు పెంచవద్దు.

ఆ, సర్వపిండి అంచు గిన్నెను వదిలింది. అట్లకాడతో నెమ్మదిగా లేపండి. రెండోది వత్తేముందు గిన్నెను చల్లారనివ్వండి, లేదంటే చేతులు కాలుతాయి.