మైకులో అన్నది పలాసా, పాలకొండా?

నమస్తే అండీ. శ్రీకాకుళం జిల్లాలో ఒక బస్టాండు, పేరెందుకులెండి. మైకులో "పలా... ఆఆ... వెళ్ళు బస్సు" అని వినబడింది. పాలకొండేమో అనుకుని కదల్లేదు. తీరా చూస్తే అది పలాస. నా బస్సు నా కళ్ళ ముందే ఎలిపోనాది! పక్కన పల్లీలమ్మే మామ్మ మాత్రం, "పలాసన్నాడు కదేటి బాబూ, ఇనబళ్ళేదా?" అంది.

సౌండు తక్కువేం కాదు, చెవులు గింగురుమన్నాయి. తేడా ఎక్కడంటే, "లా"లో దీర్ఘానికి బలమెక్కువ. "స" ఉత్త గాలి, సన్నటి శబ్దం. రేకుల కప్పుకి కొట్టుకుని తిరిగొచ్చిన "లా" దాని మీద పడితే "స" గల్లంతే. వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది.

మాట ఎంత అర్థమవుతుందో కంప్యూటర్‌తో కొలవడానికి 2010లో స్టోయ్ అనే పద్ధతి వచ్చింది. శుభ్రమైన రికార్డింగూ, పాడైన రికార్డింగూ పక్కపక్కన పెట్టి, సుమారు 384 మిల్లీసెకన్ల ముక్కలుగా పోల్చి, దాదాపు 0 నుంచి 1 మధ్య స్కోరు ఇస్తుంది. బానే ఉంది గానీ, బస్టాండులో శుభ్రమైన కాపీ ఎవరిస్తారు?

అక్కడే మెషీన్ లెర్నింగ్ అవసరం పడింది. మనుషులకి గోలలో వాక్యాలు వినిపించి, ఎన్ని మాటలు సరిగ్గా తిరిగి చెప్పారో లెక్కకట్టి, శుభ్రమైన కాపీ లేకుండానే మాట ఎంత అర్థమవుతుందో అంచనా కట్టడం ఆ లెక్కలతో మోడల్‌కి, అంటే ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకి, నేర్పిస్తారు. బ్రిటన్‌లో క్లారిటీ అనే పోటీ ఇలాగే, వినికిడి యంత్రాలు పెట్టుకునేవాళ్ళ కోసం. 2023 పోటీలో విస్పర్ లాంటి, మాటని రాతగా మార్చే మోడల్స్ లోపలి లెక్కల్ని వాడుకున్న పద్ధతులు బాగా రాణించాయి.

నాకు నచ్చిన ఆలోచనే, కానీ ఒక పేచీ ఉంది. విస్పర్ నేర్చుకోడానికి విన్నదాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. "ఏటి సేస్తన్నావు, ఒచ్చీసినావా" అని మా యాసలో శుభ్రంగా మాట్లాడినా అది తడబడితే, తప్పు మాటదా, మోడల్‌దా? స్కోరు తగ్గిందంటే ఎవరికి అర్థం కాలేదని? ఆ ప్రశ్న అడక్కుండా తెలుగు మైకులకి ఆ స్కోరు అంటగడితే నేనొప్పుకోను.

ఇంతకీ మామ్మని అడిగాను, ఆ గోలలో ఎలా తెలిసిందని. ఆవిడ నవ్వి, "పదిన్నరకి పలాసే కదేటి ఒస్తాది" అంది.