జేజి చేటలో ఇరవై మూడో వారం

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో పాత పత్రికలతో ఏమేం చేసుకోవచ్చో చెప్పమని పిలిచారు. లైబ్రరీలో నిలబడి కత్తెర గురించి మాట్లాడాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. అందులోనూ ఇది కడప. బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను పెట్టి, పాడైపోతున్న తాటాకు ప్రతులకు నకళ్లు రాయించిన ఊరు. అందుకని కత్తెర కంటే ముందు సూదీదారం సంగతి చెప్తాను.

మా ఇంట్లో వారపత్రిక వస్తే వరసపెట్టి అందరూ చదివేవాళ్లు. ఆఖరున అమ్మ పిన్నులు విప్పి, సీరియల్ పేజీలు మాత్రం తీసి ట్రంకుపెట్టెలో దాచేది. సీరియల్ అయిపోయాక దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట అతికించేది. మైదా ఉడికించిన జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసేది, పురుగు పట్టకుండా. అది విషం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. అట్లా కుట్టిన నవలలు వీధంతా తిరిగేవి.

ఒకసారి కుట్టడానికి కూర్చుంటే ఇరవై మూడో వారం లేదు. ఇల్లంతా వెతికాం. మా జేజి నిదానంగా చేట చూపించింది. అప్పుడే కాగితం గుజ్జు మెత్తి ఆరబెట్టిన కొత్త చేట! తిప్పి తిప్పి చూశాను, ఒక్క అక్షరం మిగిలుంటే ఒట్టు. ఆ పుస్తకం అడిగి తీసుకెళ్లినవాళ్లు ఇరవై రెండు దాకా చదివి, మా అమ్మ దగ్గరకొచ్చి ఇరవై మూడు విని, ఇరవై నాలుగు చదువుకునేవాళ్లు. అమ్మ చెప్పిందే బాగుండేదని నా అనుమానం.

జేజి మీద కోపం పోయాక ఆ పని నేర్చుకున్నాను. గరుకు కాగితం సన్నగా చించి రాత్రంతా నానబెట్టాలి. మెంతులు విడిగా నానేయాలి. పొద్దున నీళ్లు పిండేసి రెండూ కలిపి రోట్లో వెన్నలా రుబ్బాలి. పట్టు మెంతుల జిగురుదే. చేట సందుల్లోకి వేళ్లతో అదిమి మెత్తుకోవచ్చు. బోర్లించిన గిన్నెకు తడిగుడ్డ చుట్టి పైన మెత్తితే బుట్ట అవుతుంది. నీడలో ఆరనివ్వండి, మన ఎండకు పెడితే పగుళ్లు తేలతాయి. ఆ రోజుల్లో అందులో బియ్యం చెరిగేవాళ్లం, బొరుగుల పొట్లం కాగితంలోనే తిని, ఆ కాగితాన్నే చదివేవాళ్లం. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదు. న్యూస్‌పేపర్లలో తినేవి చుట్టొద్దని 2016లోనే ఆహార భద్రత సంస్థ చెప్పింది. అందుకని బుట్టలో ఉల్లిపాయలో, దారపు ఉండలో పెట్టుకోండి.

నిగనిగలాడే సినిమా పత్రికలు మాత్రం నానబెట్టకండి. ఆ కాగితం పైన సుద్దలాంటి పూత ఉంటుంది, నానదు, నానినా పట్టు రాదు. నేనొకసారి మొండికేసి రుబ్బితే బురద మిగిలింది. ఆ కాగితం పూసలకు బాగుంటుంది. ఒక కొస వెడల్పు, ఒక కొస మొనగా పొడవాటి ముక్కలు కోసి, వెడల్పు వైపు నుంచి చీపురుపుల్లకు చుడుతూ మొన దగ్గర జిగురు పెడితే సరి. మధ్యలో ఉబ్బిన పూస, హీరోయిన్ చీర రంగులో! దండకో, గుమ్మం తెరకో గుచ్చుకోవచ్చు. బడి పుస్తకాలకు అట్టలంటారా, మీకు నేను చెప్పాలా?

వెనక బల్ల మీద కట్టలు పెట్టించాను, కత్తెరలూ ఉన్నాయి. పిల్లలూ, కోసే ముందు అట్ట మీద సంవత్సరం చూడండి. చందమామ 1947 జులైలో మొదలైంది, భారతి 1924లో. ఆ తొలి ఏళ్ల సంచిక ఏదైనా తగిలిందంటే కత్తెర కింద పెట్టి లైబ్రేరియన్ గారిని కేకేయండి. మిగతా వాటి మీద పడండి. జిగురు నేనే ఉడికించి తెచ్చాను, తుత్తం వేయలేదు.