ఫోన్‌కీ నీడకీ కుదరని లెక్క

యాంకర్: అందరికీ నమస్కారం. బెజవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మన దగ్గరికి గుంటూరు నుంచి ఒక ఫిజిక్స్ మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక కూడా ఊరుకోకుండా చుట్టుపక్కల బడుల్లో పిల్లల చేత నీడ గడియారాలు కట్టిస్తున్నారు. మాస్టారూ, ముందుగా ఒక డౌట్. అందరి చేతిలో ఫోన్ ఉన్న కాలంలో ఎండలో నిలబడి టైమ్ చూడటం దేనికండీ?

మాస్టారు: టైమ్ కోసమైతే అక్కర్లేదమ్మా, ఫోనే చూసుకోండి. నీడ గడియారం ఫోన్‌తో కలవదు. నాకు దాంతో పని పడేది అందుకే.

యాంకర్: కలవలేదంటే తప్పుగా కట్టినట్టు కదా?

మాస్టారు: అదిగో, ప్రారంభోత్సవం నాడు జరిగేదీ అదే. రిబ్బన్ కట్ చేస్తారు, పెద్దవాళ్లెవరో ఫోన్ తీసి చూస్తారు. ఫిబ్రవరి అనుకోండి, నీడ ఇరవై నిమిషాలు వెనకుంటుంది. అందరికీ టెన్షన్. ఎవరో ఒకరు చొరవ తీసుకుని పలకను కాస్త పక్కకు తిప్పేస్తారు. టైమ్ సరిపోయింది, చప్పట్లు. నా దృష్టిలో ప్రాజెక్టు అక్కడితో అయిపోయింది. పిల్లలు తేల్చాల్సిన ప్రశ్నను పెద్దవాళ్లు చేత్తో తుడిచేశారు.

యాంకర్: ఇంతకీ ఆ ఇరవై నిమిషాలు ఎక్కడివి?

మాస్టారు: రెండు చోట్ల నుంచి వస్తాయి. మొదటిది తేలిక. మన దేశం మొత్తానికి ఒకటే టైమ్. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది. విజయవాడ దానికి పడమరగా, 80.65 దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. తేడా 1.85 డిగ్రీలు, అంటే ఏడున్నర నిమిషాలకు కొంచెం తక్కువ. మా గుంటూరు ఇంకొంచెం పడమర కాబట్టి ఎనిమిది చిల్లర. సూర్యుడు మీ నడినెత్తికి వచ్చాకే మా దగ్గరికి వస్తాడు.

యాంకర్: బెజవాడ వాళ్లం ముందున్నామన్నమాట!

మాస్టారు: ముక్కాలు నిమిషం. దాంతో తృప్తి పడండి. ఇంకో సంగతి, 1906 జనవరి 1న ఇప్పటి ప్రామాణిక కాలం వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు టైమ్ ప్రకారం నడిచేవి. మద్రాసు రేఖాంశం 80.25. మనకూ దానికీ ఒకటి రెండు నిమిషాలే తేడా. అప్పట్లో నీడ గడియారం కట్టుంటే ఈ మొదటి తేడా దాదాపు కనిపించేదే కాదు.

యాంకర్: రెండోది?

మాస్టారు: అది అసలు మజా. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, అప్పుడు వేగం ఎక్కువ. జులైలో దూరం, వేగం తక్కువ. పైగా అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది. ఈ రెండూ కలిసి నీడను ఏడాది పొడవునా ముందుకీ వెనక్కీ లాగుతుంటాయి. నవంబర్ 3 ప్రాంతంలో పదహారు నిమిషాలకు పైగా ముందుకు. ఫిబ్రవరి 11 ప్రాంతంలో పద్నాలుగు నిమిషాలు వెనక్కి. దీన్ని ఇందాకటి ఏడున్నరతో కలపండి. నవంబర్ మొదట్లో విజయవాడ నీడ గడియారం ఫోన్ కన్నా తొమ్మిది నిమిషాలు ముందుంటుంది. ఫిబ్రవరిలో సుమారు ఇరవై రెండు నిమిషాలు వెనకుంటుంది.

యాంకర్: మూడు నెలల్లో అరగంట మారిపోయిందే!

మాస్టారు: మారుతుంది. పిల్లలు వారానికోసారి నీడ టైమూ ఫోన్ టైమూ రాసి గ్రాఫ్ గీస్తే ఆ వంపు కళ్లముందే వస్తుంది. చేత్తో గీసిన పిల్లలు ఇక దాన్ని మర్చిపోరు. ఏడాదిలో సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలోనూ డిసెంబర్ 9 ప్రాంతంలోనూ విజయవాడలో రెండూ సరిగ్గా కలుస్తాయి. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడో ముందే తెలిస్తే ఆ రోజుల్లో పెట్టించుకోవచ్చు.

యాంకర్: (నవ్వు) సరే, కట్టడం సంగతి చెప్పండి. రెడీమేడ్‌గా కొంటే పోలా?

మాస్టారు: కొన్నవాళ్లను చూశాను. ఒక బడిలో గంటల గీతలున్న పాలరాతి పలక, దాని మీద నీడ పడేసే ఇత్తడి ముల్లు, ఖర్చు బాగానే పెట్టారు. ముల్లు కోణం కొలిస్తే 28 డిగ్రీలు దాటింది. అది ఢిల్లీ కొలత. ముల్లు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. అంటే నేల నుంచి ఎంత ఎత్తాలో అది మన అక్షాంశం. విజయవాడకు పదహారున్నర, గుంటూరుకు 16.3.

యాంకర్: అంత ఖరీదు పెట్టింది పారేయాలా మరి?

మాస్టారు: ఎందుకూ? పలక ఉత్తరం వైపు పన్నెండు డిగ్రీలు దిగేలా దక్షిణం వైపు కింద రాయి పెట్టి ఎత్తితే చాలు. ముల్లు పదహారున్నరకు వస్తుంది, గీతలు కూడా సరిగ్గా పనిచేస్తాయి. అది ఎందుకు పనిచేస్తుందో పదో తరగతి పిల్లల్ని అడిగాం. ఆ గంట క్లాసు బాగా సాగింది. చివరికి ఒకమ్మాయి, "పలకను మళ్లీ ఢిల్లీ నేలకు సమాంతరంగా పెట్టేశాం సార్" అంది. నేను అంతకన్నా బాగా చెప్పలేను.

యాంకర్: అబ్బ! మరి డబ్బు లేని బడులు?

మాస్టారు: గట్టి అట్ట, సైకిల్ చక్రం పుల్ల ఒకటి, కోణమానిని. అట్టను గుండ్రంగా కోసి పదిహేనేసి డిగ్రీలకు గీతలు గీయండి, మధ్యలో పుల్ల నిటారుగా గుచ్చండి. పుల్ల ఉత్తరం వైపు పదహారున్నర డిగ్రీలు లేవాలి. కొలవడానికి త్రికోణమితి ఉందిగా, అడ్డంగా 100 సెంటీమీటర్లకు నిలువుగా 29.6. అప్పుడు అట్ట తనంతట తానే దాదాపు నిలువుగా నిలబడుతుంది. నేల మీద పరిచే రకానికి గంటల గీతల కోణాలు లెక్కగట్టాలి. మన దగ్గర మధ్యాహ్నం గీతలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య నాలుగు డిగ్రీల చిల్లరే. మొదటిసారికి అది వద్దంటాను.

యాంకర్: అట్టకు రెండు వైపులా గీయాలా?

మాస్టారు: తప్పకుండా. మార్చి 21 నుంచి సెప్టెంబర్ 23 దాకా ఎండ ఉత్తరం ముఖం మీద పడుతుంది. మిగతా ఆరు నెలలు దక్షిణం ముఖం మీద. ఉత్తరం వైపు అంకెలు మామూలు గడియారంలా తిరుగుతాయి, దక్షిణం వైపు అపసవ్యంగా. ఇంకోటి, పన్నెండు పైన కాదు, కింద ఉండాలి. సూర్యుడు పైనుంటే నీడ కిందేగా పడేది. దాదాపు ప్రతి బడిలోనూ ఎవరో ఒకరు పైన రాస్తారు. రాయనివ్వండి, పన్నెండింటికి వాళ్లే చూసుకుంటారు.

యాంకర్: ఉత్తరం ఎటో ఫోన్‌లో దిక్సూచి చూపిస్తుంది కదా?

మాస్టారు: డాబా మీద స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, దిక్సూచి ఎటైనా చూపిస్తుంది. ధ్రువ నక్షత్రం చూద్దామా అంటే మనకు అది పదహారు డిగ్రీల ఎత్తులోనే. బెజవాడలో ఆ ఎత్తున కొండో అపార్ట్‌మెంటో అడ్డం వస్తుంది. అందుకే మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో ఉన్న శంకువు పద్ధతి, అంటే నిలువు కర్ర పద్ధతి, చేయిస్తాను. నేలను రసమట్టంతో చదును చూసుకుని, 30 సెంటీమీటర్ల కర్రను తూకం గుండు పట్టి నిట్టనిలువుగా నాటాలి. దాని చుట్టూ 40 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం. డిసెంబర్‌లో ఆ కర్ర నీడ మధ్యాహ్నం 25 సెంటీమీటర్లకు తగ్గుతుంది. పొద్దున పది కాకముందు నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. మళ్లీ రెండున్నర ప్రాంతంలో తాకి బయటకు పోతుంది. ఆ రెండు చుక్కలూ కలిపితే తూర్పు పడమరలు. రెండో చుక్క వేళకు మబ్బు పడితే? అందుకే ఒకటి కాదు, నాలుగైదు వృత్తాలు గీయాలి. రెండు చుక్కలూ బడి వేళల్లోనే దొరుకుతాయి, ఎవరూ సెలవు రోజు రానక్కర్లేదు.

యాంకర్: నేల మీద అంకెలు గీసి, మధ్యలో మనిషే ముల్లులా నిలబడే రకం కూడా చూశాను వీడియోల్లో. పిల్లలకు అదే సరదాగా ఉంటుందేమో?

మాస్టారు: సరదాయే. కానీ ఆ వీడియోలు చలిదేశాలవి. అక్కడ నీడలు పొడుగు. మన అక్షాంశానికి అంకెలు పెట్టే దీర్ఘవృత్తం నొక్కేసిన గాజులా అయిపోతుంది. మూడు మీటర్ల సగం పొడవుకు సగం వెడల్పు 85 సెంటీమీటర్లే. మార్చిలో 130 సెంటీమీటర్ల పిల్లవాడి నీడ మధ్యాహ్నం 40 సెంటీమీటర్లు కూడా ఉండదు. పన్నెండు అంకెను ఎలా అందుకుంటుంది? మన దగ్గర సైజు సగం చేసి, పిల్లల చేత చేతులు పైకెత్తించాలి. వీడియో కొలత దించుకుంటే పెయింటు ఖర్చు దండగ.

యాంకర్: అసలు నీడే లేని రోజు ఒకటుంటుందట కదా?

మాస్టారు: ఏడాదికి రెండు. మే మొదటి వారంలో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో ఒకటి. మేలో బడులకు సెలవులు, ఆగస్టులో మబ్బులు. మన పిల్లల అదృష్టం అలా ఉంది. అయినా ఆగస్టు దానికి బయట ఒక సీసా నిలబెట్టి కాచుకోమంటాను, రెండు నిమిషాలు ఎండ వచ్చినా చాలు. పన్నెండుకు కాదు, పన్నెండు దాటాక పదమూడు నిమిషాల ప్రాంతంలో చూడాలి. ఇందాక చెప్పిన రెండు తేడాలూ కలిపి చూడండి, అంతే వస్తుంది.

యాంకర్: మార్కులుంటాయా దీనికి?

మాస్టారు: గడియారానికి వెయ్యను. రాసిన నోటుబుక్కుకు వేస్తాను. ఎండలో నిలబడతారు కాబట్టి టోపీ, మంచినీళ్లు తప్పనిసరి. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

యాంకర్: మా వినేవాళ్లలో టీచర్లు ఉంటారు. ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

మాస్టారు: దసరా సెలవులయ్యాక. వానలు తగ్గుముఖం పడతాయి, నవంబర్ మొదట్లో నీడ ముందుకు పరిగెడుతున్నప్పుడే మొదటి చుక్క పడుతుంది. ఫిబ్రవరి నెల సగానికల్లా గ్రాఫ్ అడుగుకు చేరుతుంది. పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు పని పూర్తి.