అమ్మకొచ్చింది, నాకూ వస్తుందా?

యాంకర్: లైన్లో చంద్రగిరి నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

కాలర్: నమస్తే సార్. మా అమ్మకు 72 ఏళ్లు. మొన్న సంగటికి ఎసరు పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడి ఇల్లంతా వాసనొచ్చినా కదల్లేదు, అడిగితే నేనెప్పుడు పెట్టినానంటుంది. అల్జీమర్సేనన్నారు, స్కాన్‌లో మెదడు రక్తనాళాలు కూడా దెబ్బతిన్నాయన్నారు. మా అవ్వకూ ఇట్లే ఉండేది. నాకు 46. ఇంక నాకూ రాసిపెట్టుందేమోనని ఒకటే టెన్షన్.

డాక్టర్: అవ్వకు ఏ వయసులో మొదలైంది?

కాలర్: 70 దాటినాకే.

డాక్టర్: అయితే అంత భయం వద్దు. ఏపీపీ, ప్రిసెనిలిన్ జన్యువుల్లో లోపంతో వచ్చే రకం ఒకటుంది, అది తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకు సగానికి సగం అవకాశం, కానీ చాలా అరుదు, మామూలుగా 65 లోపే బయటపడుతుంది. మీ ఇంట్లోది ఆ తీరుగా లేదు. ఎక్కువగా వినిపించేది ఏపీఓఈ-4 అనే జన్యు రకం. అది ముప్పు పెంచుతుంది, అమ్మానాన్న ఇద్దరి నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. అయినా అది ఉండీ జబ్బు రానివాళ్లున్నారు, లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు.

కాలర్: బెంగళూరులో మా తమ్ముడు జీన్ టెస్ట్ చేయించుకుందాం రమ్మంటున్నాడు.

డాక్టర్: చేయించుకుని ఏం చేస్తారు? ఉందని తేలినా రాకుండా ఆపే మందు లేదు, ఉన్న నిద్ర పోతుంది. అది సరే, మీకు బీపీ ఉందా?

కాలర్: ఉంది సార్. తల తిరిగినప్పుడు మాత్ర వేసుకుంటా.

డాక్టర్: అదిగో, తలనొప్పి మాత్రలాగా! అసలు సంగతి అక్కడుంది. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే మెదడు లోపలి సన్న నాళాలు గట్టిపడి పూడుకుపోతాయి, రక్తం అందదు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే చెత్త కూడా కొంత ఆ నాళాల గోడల వెంబడే బయటికి పోవాలి. అందుకే చాలామంది పెద్దవాళ్లలో, మీ అమ్మగారిలాగా, అల్జీమర్స్, నాళాల జబ్బు రెండూ కలిసే కనిపిస్తాయి. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లకు, 140 లోపు చాలనుకున్నవాళ్లకంటే, తేలికపాటి మతిమరుపు 19 శాతం తక్కువొచ్చింది. డిమెన్షియా, అంటే రోజువారీ పనులు చేసుకోలేనంత మతిమరుపు, తగ్గిందని మాత్రం గట్టిగా తేలలేదు, అందరికీ 120 పనికిరాదు కూడా, మీకెంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి.

కాలర్: అంటే రోజూ వేసుకోవాలా?

డాక్టర్: రోజూ. షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. అమ్మగారికి బి12, థైరాయిడ్ చూశారా?

కాలర్: గుర్తు లేదు సార్.

డాక్టర్: రిపోర్టుల్లో వెతకండి, లేకపోతే చేయించండి. మీ తమ్ముడిని కూడా ముందు బీపీ చూపించుకోమనండి.

యాంకర్: తర్వాతి కాల్ శ్రీకాళహస్తి నుంచి...